బెంగళూరు లేబర్ షెడ్లలో పిల్లల పళ్ల సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు, హెణ్ణూరు, తణిసంద్ర... కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న ప్రతిచోటా పక్కనే రేకుల షెడ్లు ఉంటాయి. అనంతపురం, కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలికి వచ్చిన మన తెలుగు కుటుంబాలు వాటిలో చాలానే ఉన్నాయి. రాయచూరు, కలబుర్గి నుంచి వచ్చినవాళ్లూ వాళ్ల పక్కనే ఉంటారు. ఈ పిల్లల పళ్లు పుచ్చకముందే కాపాడాలని వచ్చే వాలంటీర్లకు, అంగన్‌వాడీ టీచర్లకు, తల్లులకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. మళ్లీ మళ్లీ అవే అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

ఒక ఆదివారం క్యాంపు పెట్టి అందరికీ బ్రష్, పేస్ట్ పంచితే సరిపోదా?

సరిపోదు. పంచిన పేస్ట్ కొన్ని వారాల్లో అయిపోతుంది. పన్ను పుచ్చడం రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది, దాన్ని ఆపే పని కూడా రోజూ జరగాలి. అందుకే మొదటి క్యాంపు తేదీతో పాటే ఆర్నెల్ల తర్వాత రెండో తేదీ కూడా ఖాయం చేసుకోండి. అది కుదరకపోతే మొదటిది కూడా కొన్నాళ్లు వాయిదా వేసుకోవడమే నయం. వందల మందిని ఒక్కసారి చూసి వెళ్లిపోయేకన్నా, ముప్ఫై నలభై మంది పిల్లలున్న ఒక్క అంగన్‌వాడీని ఏళ్ల తరబడి వదలకుండా చూసుకుంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

అసలు పని ఆ అంగన్‌వాడీలోనే ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక టీచరమ్మ కళ్లముందు పిల్లలంతా వరసగా కూర్చుని, పన్ను పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోముకోవాలి. ఫిలిప్పీన్స్‌లో ప్రభుత్వ బడుల్లో, స్కాట్లాండ్‌లో నర్సరీల్లో ఇలా రోజూ చేయించే కార్యక్రమాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. పేరు రాసిన బ్రష్షులు, ఒక పెద్ద పేస్ట్ ట్యూబు, ఒక బకెట్ చాలు. అయిపోయిన పేస్ట్‌ను నెలనెలా తెచ్చిచ్చే మనిషి మాత్రం ఒకరు కచ్చితంగా ఉండాలి.

మాకు డెంటిస్టులు ఎవరూ తెలీదు. ఎవర్ని అడగాలి?

బెంగళూరులో డెంటల్ కాలేజీలకు కొదవ లేదు. ప్రతి కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అని ఒక విభాగం ఉంటుంది. బడులకు, బస్తీలకు వెళ్లడం వాళ్ల చదువులో భాగం. మీకు దగ్గర్లో ఉన్న కాలేజీకి వెళ్లి ఆ విభాగం హెడ్‌ను కలవండి. "ఫలానా చోట, ఇంతమంది పిల్లలు, ఫలానా వయసువాళ్లు, ఆర్నెల్లకోసారి రావాలి" అని ఒక్క పేజీలో రాసి తీసుకెళ్తే మాట త్వరగా తెగుతుంది. హౌస్ సర్జన్లలో తెలుగు వచ్చినవాళ్లు ఉంటే వాళ్లనే పంపమని అడగండి. తల్లులతో మాట్లాడేటప్పుడు ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు.

అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలి?

ప్రభుత్వ బడి అయితే ముందు హెడ్‌మాస్టర్‌ని కలిసి, తర్వాత బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు అర్జీ ఇవ్వాలి. కర్ణాటకలో ప్రతి బడికీ ఎస్‌డీఎంసీ అనే తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. వాళ్లకు ముందే చెబితే గొడవ ఉండదు. అంగన్‌వాడీకి సీడీపీవో (అంగన్‌వాడీలను చూసే అధికారి) ఆఫీసు నుంచి అనుమతి రావాలి. సైట్ లోపలి షెడ్లయితే ప్రాజెక్ట్ మేనేజర్‌తో పాటు మేస్త్రీని కూడా అడగండి. మేనేజర్ సరేనన్నా, మేస్త్రీ చెప్పకపోతే ఎవరూ రారు.

2025లో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చేదాకా, భవన నిర్మాణ కార్మికుల చట్టం (1996) ప్రకారం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే సైట్‌లో ఆరేళ్లలోపు పిల్లల కోసం గదులు ఏర్పాటు చేయాల్సి ఉండేది. అక్కడ అలాంటి గది నడుస్తుంటే మీరు పని మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎవరు అనుమతిచ్చినా, ప్రతి బిడ్డకూ తల్లి లేదా తండ్రి సంతకమో వేలిముద్రో విడిగా తీసుకోవాల్సిందే. కాగితంలో ఏముందో చదివి వినిపించాకే తీసుకోండి.

ప్రభుత్వం వాళ్లు ఎలాగూ బడికొచ్చి చూస్తారు కదా?

చూస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పుచ్చిపళ్లు కూడా ఉన్నాయి. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఆ తేదీ కనుక్కుని, దానికి దూరంగా మీ తేదీ పెట్టుకోండి. చిక్కల్లా, బడిలో గానీ అంగన్‌వాడీలో గానీ పేరు లేని పిల్లలతోనే. షెడ్లలో అలాంటివాళ్లు చాలామంది. ఆ బృందం లెక్కల్లోకి రానివాళ్లను వెతికి పట్టుకోవడమే వాలంటీర్ల మొదటి పని అని మా అభిప్రాయం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పళ్ల గురించి ఏమీ తెలీదు. నేనేం చేయగలను?

నోట్లో చెయ్యి పెట్టే పని తప్ప మిగతావన్నీ. చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డెంటిస్టులే. పుచ్చు రాకుండా పంటి మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్ అయినా వాళ్ల చేతుల మీదుగానే జరగాలి. పేర్లు రాయడం, పిల్లల్ని వరసలో ఆడించడం, తల్లులకు తెలుగులో విడమర్చి చెప్పడం, తర్వాత ఫోన్లు చేసి గుర్తు చేయడం మీరు చేయొచ్చు. ఏ వాలంటీరూ ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి.

ఏ నెలలో, ఏ టైమ్‌కి పెట్టుకోవాలి?

జూన్ చివర్లో ఒకసారి, డిసెంబర్ మొదట్లో ఒకసారి పెట్టుకోండి. సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరకు షెడ్లు ఖాళీ అయిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో బడులుండవు. పిల్లల పళ్లు చూడటానికి పని రోజు పొద్దున పూట మంచిది. తల్లులతో మాట్లాడటానికి ఆదివారం సంతకు వెళ్లకముందు గానీ, పని దిగి వంట మొదలుపెట్టకముందు గానీ వెళ్లాలి.

## క్యాంపు రోజు

డెంటల్ కుర్చీ, మెషీన్లు లేకుండా పళ్లు చూడొచ్చా?

చూడొచ్చు. మామూలు కుర్చీ, తలకు కట్టుకునే లైటు, నోటి అద్దం చాలు. మూడేళ్లలోపు బిడ్డనైతే తల్లి, డాక్టర్ మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ కాళ్లు తల్లి నడుముకు ఇటూ అటూ, తల డాక్టర్ ఒడిలో. పైకి చూస్తే బిడ్డకు అమ్మ ముఖమే కనిపిస్తుంది. ఏడ్చినా నోరు తెరుచుకుంటుంది కాబట్టి డాక్టర్ ఆ కాసేపట్లోనే చూసేయగలరు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఎంతమంది పిల్లలుంటే అన్ని అద్దాలు ఆటోక్లేవ్ చేసి (వేడి ఆవిరితో శుద్ధి చేసి) తెచ్చుకోవాలి, లేదా ఒకసారి వాడి పారేసే చెక్క పుల్లలు వాడాలి. ప్రతి బిడ్డకూ గ్లవ్స్ మార్చాలి. ఒకే అద్దాన్ని మందునీళ్లలో ముంచి తర్వాతి బిడ్డకు వాడుతుంటే క్యాంపు అక్కడికక్కడే ఆపేయండి. వాడిన దూది, గ్లవ్స్ కాలేజీవాళ్లు వెంట తీసుకెళ్లాలి, షెడ్ల పక్క చెత్తకుప్పలో పడేయకూడదు.

ఫ్లోరైడ్ వార్నిష్ అంటే ఏమిటి? నిజంగా పనిచేస్తుందా?

పంటి మీద చిన్న బ్రష్షుతో పూసే జిగురు మందు అది. అందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. ఉమ్మి తగలగానే గట్టిపడి పంటికి అంటుకుంటుంది, కొన్ని గంటలపాటు ఫ్లోరైడ్‌ను పంటిలోకి వదులుతుంది. నొప్పి లేదు, సూది లేదు, రెండు మూడు నిమిషాల పని. 2013లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, వార్నిష్ వేసిన పిల్లల్లో పుచ్చు పాల పళ్లలో సగటున 37 శాతం, శాశ్వత పళ్లలో 43 శాతం తగ్గినట్టు తేలింది. కాకపోతే ఆర్నెల్లకోసారైనా మళ్లీ వేయాలి.

పూసిన రోజు పళ్లు కొంచెం పసుపుగా కనిపిస్తాయి. ఈ సంగతి తల్లికి ముందే చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్లి గోటితో గీకేస్తుంది. ఆ పూట మెత్తటి అన్నం పెట్టాలి, వేడివేడి టీ, మురుకులు వద్దు, మర్నాటి పొద్దున దాకా తోమకూడదు. నోటిలో పుండ్లు ఉన్న పిల్లలకు ఆ రోజు వేయరు. ఆరేళ్లలోపు పిల్లలకు ట్రేలో పెట్టి ఇచ్చే ఫ్లోరైడ్ జెల్ వద్దు, మింగేస్తారు.

మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగే పళ్లు పాడయ్యాయి. మళ్లీ అదే మందు పూస్తామంటారేంటి?

చాలా న్యాయమైన భయం. నల్గొండ గురించి విననివాళ్లుండరు. అనంతపురం, ప్రకాశం జిల్లాల్లోనూ, ఇటు పావగడ, కోలారు, చిక్కబళ్లాపుర వైపు కూడా ఈ బాధ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

ఆ గోధుమరంగు మచ్చలు ఎలా వస్తాయంటే, చిగురు కింద పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజూ కడుపులోకి పోవడం వల్ల. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావని మన దేశ ప్రమాణం. వార్నిష్ ఏడాదికి రెండుసార్లు, కొన్ని చుక్కలు, బయట పంటి మీద పూసేది. అదీ ఇదీ ఒకటి కాదు. మచ్చలున్న పళ్లు కూడా పుచ్చుతాయి కాబట్టి వాటికీ రక్షణ కావాలి. అయినా, బిడ్డ ఏ ఊరినుంచి వచ్చింది, సైట్‌లో తాగేది కావేరి నీళ్లా బోరు నీళ్లా అని కార్డు మీద రాసి డాక్టర్‌కు చూపించండి. నిర్ణయం వాళ్లు చేస్తారు.

పుచ్చు మీద మందు పూస్తే పన్ను నల్లగా అయిపోయింది. ఏమైంది?

అది సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్. డ్రిల్లింగ్ లేకుండా, మత్తు సూది లేకుండా పుచ్చును ఉన్నచోట ఆపే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, పుచ్చు ఆగిందనడానికి అదే గుర్తు. మంచి పన్ను నల్లబడదు. చర్మం మీద పడ్డ మరక కొన్ని రోజుల్లో పోతుంది.

తప్పు మందుది కాదు, ముందుగా చెప్పకపోవడం. నల్లబడ్డ పన్ను ఫొటో తల్లికి చూపించి, ఆమె ఒప్పుకున్నాకే పూయాలి. ముందు పళ్లైతే మరోసారి అడగాలి. కూతురికి నల్ల పళ్లంటే తల్లి బెదిరిపోవడం సహజం, ఆ మాటను కొట్టిపారేయకండి. చీము పట్టిన, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పంటికి ఈ మందు పనికిరాదు.

క్యాంపులోనే పళ్లు పీకించేయొచ్చా?

వద్దు. తర్వాత రక్తం ఆగకపోయినా, వాచినా చూసేవాళ్లు అక్కడ ఉండరు. పైగా పీకిన పిల్ల ఏడుపు విన్న మిగతా పిల్లలు ఆర్నెల్ల తర్వాత మీ ముఖం చూడరు.

ఫొటోలు తీసుకోవచ్చా?

తల్లిదండ్రులు ఒప్పుకుంటే, అదీ ముఖాలు తెలియకుండా. పుచ్చిపళ్ల నోరు తెరిచి పట్టుకున్న బిడ్డ ఫొటో ఎక్కడా పెట్టకండి. ఆ బిడ్డ రేపు పెద్దదవుతుంది.

## తల్లిదండ్రులు అడిగేవి

పాల పళ్లే కదక్కా, ఎలాగూ ఊడిపోతాయి. వాటికింత ఎందుకు?

ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ వెనక నమిలే పాల పళ్లు పదకొండు, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకే అవి పుచ్చితే ఇంకో ఆరేళ్లు బిడ్డ దేంతో నమలాలి? నొప్పి వల్ల ఒకవైపే నములుతుంది, గట్టిది తినదు, బరువు పెరగదు, రాత్రి నిద్ర ఉండదు. చీము కింద తయారవుతున్న శాశ్వత పన్నును కూడా పాడుచేయగలదు. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పన్ను వంకరగా వస్తుంది.

ఎప్పటినుంచి తోమాలి? పేస్ట్ ఎంత వేయాలి?

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ట్యూబు మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని ఉందో లేదో చూడండి. మన దేశంలో పేస్ట్‌లో అంతకుమించి ఉండకూడదు, ఎంత ఉందో రాయడం కూడా తప్పనిసరి. పది రూపాయల చిన్న ట్యూబు చాలు, ఖరీదైంది అక్కర్లేదు.

పొద్దున కన్నా రాత్రి పడుకునే ముందు తోమడం ముఖ్యం. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది, పళ్లకు రక్షణ ఉండదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి. షెడ్లలో ఆ పెద్దవాళ్లు చాలాసార్లు అక్కే. తొమ్మిదేళ్ల పిల్ల, చంకలో తమ్ముడు, ఇంకో చేతిలో బిస్కెట్ ప్యాకెట్. ఆ పిల్లకు నేర్పకుండా తల్లికి మాత్రమే చెబితే మీ మాట ఆ ఇంట్లో అమలు కాదు.

ట్యాంకర్ నీళ్లే దిక్కు. రెండు పూటలా తోమడానికి నీళ్లెక్కడివి?

నీళ్లు దాదాపు అక్కర్లేదు. తోమాక నురగ ఉమ్మేయాలి, పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది, కొంచెం పంటి మీద మిగిలితేనే మేలు. చివర్లో బ్రష్ కడగడానికి అర గ్లాసు చాలు. కడిగిన బ్రష్‌ను రేకుల సందులో గుచ్చితే సిమెంటు దుమ్మంతా దానిమీదే. ఒక గ్లాసులో నిలబెట్టి పెట్టండి, ఒకరి బ్రష్ ఒకరు వాడకుండా పిడికి రంగు దారం కట్టండి.

మేం వేప పుల్లతో, బొగ్గుతో తోముకునే పెరిగాం. మా పళ్లు బాగానే ఉన్నాయే?

మీ చిన్నప్పుడు రూపాయి చాక్లెట్లు, క్రీమ్ బిస్కెట్లు గుమ్మం ముందు వేలాడేవి కావు. అసలు తేడా అదే. వేప పుల్ల మురికిని తీస్తుంది, కానీ అందులో ఫ్లోరైడ్ లేదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు రాపిడికి పంటి పైపొర అరిగిపోతుంది. ఇక పొగాకు కలిసిన నల్ల పొడి పిల్లల చేతికి ఇవ్వనే వద్దు. పళ్లపొడిలో, పేస్ట్‌లో పొగాకు కలపడాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. ఆ పొగాకు తెలియకుండానే అలవాటుగా మారుతుంది.

పనిలో ఉన్నప్పుడు బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి? బిస్కెట్ ఇవ్వక తప్పదు కదా?

పొద్దంతా ఇటుకలు మోసే తల్లిని ఇందుకు తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక్క సంగతి తెలిస్తే చాలు. తీపి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లను ఎక్కువగా పాడుచేస్తుంది. తిన్న ప్రతిసారీ నోట్లో అరగంటపాటు ఆమ్లం ఊరి పంటిని కరిగిస్తుంది. గంటకో బిస్కెట్ నాకుతున్న పిల్లాడి పళ్లకు రోజంతా విరామం ఉండదు. తీపి ఇవ్వాలంటే అన్నం తిన్న వెంటనే ఒక్కసారి ఇవ్వండి. మధ్యలో బొరుగులు, అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టండి. ఐదేళ్లలోపువాళ్లకు వేరుశనగ గింజలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. బెల్లమైతే ఫర్వాలేదనుకోకండి, పంటికి అదీ చక్కెరే.

చక్కెర పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డల పళ్లు చూస్తే వెంటనే తెలుస్తుంది. పై వరసలో ముందు నాలుగు పళ్లు గోధుమరంగు మోడుల్లా మిగులుతాయి, కింది పళ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. సీసా పీల్చేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పేస్తుంది కాబట్టి. రాత్రి సీసాలో మంచినీళ్లే ఉంచండి.

పై పన్ను తీయిస్తే కళ్లు పోతాయంటారు, నిజమేనా?

కాదు. పంటి నరం వేరు, కంటి చూపు నరం వేరు. ఈ భయంతో చీము పట్టిన పంటిని నెలల తరబడి అలాగే వదిలేస్తారు. పై పంటి చీము ముఖంలోకి పాకితే కంటి కింద వాచేది అప్పుడే. ఆ వాపును చూసే ఈ మాట పుట్టి ఉంటుందని మేమనుకుంటున్నాం.

పంటిలో పురుగు ఉంటే పొగ పట్టి తీయిస్తారు కదా?

పంటిలో పురుగు ఉండదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పంటిని తినేస్తాయి. వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాలాయని చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి. నొప్పి పంటి మీద జర్దా పెట్టడం, మాత్ర నూరి చిగురుకు అద్దడం చేస్తే పుండు పడుతుంది.

ఆరేళ్ల పాపకు ఏ పన్నూ ఊడకుండానే వెనక కొత్త పన్ను వచ్చింది. అది కూడా పాల పన్నేనా?

కాదు, జన్మంతా ఉండాల్సిన పన్ను. ఊడేది లేకుండా వస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు. లోతైన గాడులుంటాయి, బ్రష్ సరిగా అందదు, వచ్చిన రెండు మూడేళ్లలోనే పుచ్చేస్తుంది. డెంటల్ కాలేజీలో ఆ గాడుల్ని సీలెంట్‌తో మూసేస్తారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్ని దీనికోసమే విడిగా లిస్టు రాసుకోండి.

## క్యాంపు తర్వాత

వైద్యం కావలసిన పిల్లల్ని ఎక్కడికి పంపాలి?

కోట ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పంపొచ్చు. కె.ఆర్.మార్కెట్‌కు బస్సెక్కి దిగితే నడిచి వెళ్లొచ్చు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు నుంచైతే పూట పడుతుంది, అందుకే క్యాంపుకు వచ్చిన కాలేజీతోనే ఈ పిల్లల వైద్యం గురించి ముందే మాట్లాడుకోవడం మంచిది.

చీటీ రాసిస్తున్నాం, కానీ ఎవరూ వెళ్లడం లేదు. ఏం చేయాలి?

వెళితే ఒక రోజు కూలి పోతుంది, కన్నడలో చీటీ రాయించుకోవాలి, ఏ గదికి వెళ్లాలో తెలీదు. నిర్లక్ష్యం అనుకోకండి. ఐదారుగురు పిల్లల్ని కలిపి ఒకే రోజు ఒక వాలంటీర్ వెంట తీసుకెళ్లాలి, ప్రతి బిడ్డకూ తల్లో తండ్రో తోడుండాలి. వండి బయలుదేరాల్సిన పని లేకుండా టిఫిన్ ఇప్పించండి. మాకు తెలిసి చీటీలు పనిచేసేది ఇలా వెంట వెళ్లినప్పుడే.

పిల్లలు సైట్ మారిపోతారు. రెండోసారి ఎలా పట్టుకోవాలి?

కొందరిని పట్టుకోలేరు. రికార్డు మీ ల్యాప్‌టాప్‌లోనే కాకుండా బిడ్డ దగ్గర కూడా ఉండాలి. గట్టి అట్ట కార్డు మీద పేరు, వార్నిష్ వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన నెల తెలుగులో, కన్నడలో రాసి, తాయి కార్డు (కర్ణాటకలో తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), ఆధార్ పెట్టుకునే కవర్లోనే పెట్టించండి. తల్లి ఫోన్ నంబర్‌తో పాటు మేస్త్రీ నంబర్ కూడా రాసుకోండి, కుటుంబాలు ఎక్కడికి వెళ్లాయో ఆయనకే తెలుస్తుంది.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

బుగ్గ గానీ, దవడ కింద గానీ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, కన్ను మూసుకుపోయేలా వాచినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే.

ఆడుతూ పడి శాశ్వత పన్ను ఊడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో ఒక్కసారి కడిగి, అదే గుంతలో పెట్టి గుడ్డ కొరికించండి. కుదరకపోతే గ్లాసు పాలల్లో వేసి అరగంటలో డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఊడింది పాల పన్నైతే తిరిగి పెట్టకూడదు.

మేం చేస్తున్నది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఎన్ని బ్రష్షులు పంచారో, ఎంతమంది క్యాంపుకొచ్చారో లెక్కపెట్టకండి. రెండోసారి వచ్చిన పిల్లలెంతమంది, వాళ్లలో కొత్తగా పన్ను పుచ్చినవాళ్లెంతమంది, నొప్పితో రాత్రి ఏడ్చినవాళ్లెంతమంది అని రాయండి. అంగన్‌వాడీకి చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లండి. బ్రష్షులు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చూడండి. పొడిగా ఉంటే టీచరమ్మను నిలదీయకుండా, ఏం అడ్డొస్తోందో అడగండి. చాలాసార్లు పేస్ట్ అయిపోయి ఉంటుంది.